పొదుపు పాఠం వద్దు, పే స్లిప్పు పాఠం చెప్పించండి

సంగారెడ్డి జిల్లా కలెక్టర్ గారికి,



మా ఊరి అద్దె గదుల్లో ఉండే పిల్లలకు 'పొదుపు చేయండి' అని ఇకమీదట ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండా చూడండి. నా మొదటి విన్నపం ఇదే. దీనికి రూపాయి ఖర్చు లేదు. రెండో విన్నపానికి కొంచెం ఖర్చుంది, అది తర్వాత చెబుతాను.

నేను చిట్కుల్‌లో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. పాన్ కార్డు దరఖాస్తులు, కరెంటు బిల్లులు, రైలు టికెట్లు, జిరాక్సులు, వీటన్నిటికన్నా ఎక్కువగా పీఎఫ్ క్లెయిములు. పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం ఫ్యాక్టరీల్లో డ్యూటీ దిగి వచ్చే పిల్లలే నా గిరాకీ. ఇరవై, ఇరవై రెండేళ్ల వాళ్లు. నారాయణఖేడ్, జహీరాబాద్, జోగిపేట వైపు నుంచి వచ్చినవాళ్లు కొందరు, శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు కొందరు, ఒడిశా, బిహార్ వాళ్లు ఇంకా ఎక్కువ. ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు. వంట ఒకరు, గిన్నెలు ఒకరు, కిరాణా ఖాతా అందరి పేరా.

ఏటా ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆర్థిక అక్షరాస్యత వారం జరుపుతుంది. 2016 నుంచి జరుగుతోంది. మంచి కార్యక్రమమే. కానీ ఆ వారంలో బ్యాంకుల్లో కనబడే పోస్టర్లు చూస్తే, ఈ పిల్లలు జీతం రాగానే తగలేస్తున్నారనీ, వాళ్లకు బుద్ధి చెప్పాలనీ ఎవరో నిర్ణయించినట్టు ఉంటుంది. నిజానికి వీళ్లు పొదుపు చేస్తూనే ఉన్నారు. చట్టమే పట్టుబట్టి చేయిస్తోంది. ఆ డబ్బు ఎంత, ఎక్కడుంది, ఎవరి పేరున ఉంది అన్నది మాత్రం వీళ్లకు ఒక్కరూ చూపించలేదు.

ఒక లెక్క చూడండి. నా దగ్గరికి వచ్చే స్లిప్పుల తరహాలోనిదే. మొత్తం జీతం 16,000. అందులో బేసిక్, డీఏ కలిపి 13,000. పీఎఫ్ 12 శాతం చొప్పున 1,560 కోత. ఈఎస్ఐ 0.75 శాతం చొప్పున 120. వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 14,170. పిల్లవాడి చూపంతా పోయిన 1,830 మీదే ఉంటుంది. 'కంపెనోళ్లు కోసుకున్నరు' అంటాడు. కంపెనీ తన వంతుగా ఇంకో 1,560 పీఎఫ్‌కు, 520 ఈఎస్ఐకి కట్టాలన్న సంగతి ఆ స్లిప్పు మీద చాలాసార్లు ఉండదు. ఉన్నా ఎవరూ విప్పి చెప్పరు. కంపెనీ కట్టే 1,560లో 1,083 పెన్షన్ పథకానికి వెళ్తుంది, మిగతా 477 పీఎఫ్‌లో కలుస్తుంది. అంటే నెలకు 2,037 రూపాయలు ఆ అబ్బాయి పేరున పీఎఫ్‌లో జమ. 2023-24లోనూ, 2024-25లోనూ దాని మీద వడ్డీ 8.25 శాతం ఇచ్చారు. జీతం ఒక్క రూపాయి పెరగకపోయినా, ఆ వడ్డీ అలాగే ఉంటే ఐదేళ్లకు దాదాపు లక్షన్నర అవుతుంది. ఈ అంకె కాగితం మీద వేసి చూపించినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి మీరు. ముందు నమ్మరు. తర్వాత ఫోన్ తీసి క్యాలిక్యులేటర్‌లో మళ్లీ వేసుకుంటారు.

కానీ నా కౌంటరు దగ్గర మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"అన్నా, నా పీఎఫ్ పైసలు ఎల్తయా?"

"ఎందుకు తమ్మీ?"

"ఫోన్ కిస్తీ ఉందన్నా."

ఇక్కడ పిల్లలు ఒకచోట ఏడాది నిండా ఉండరు. కాంట్రాక్టరు మారితే కంపెనీ మారుతుంది, పక్క కంపెనీలో ఓటీ ఎక్కువుందంటే మనిషే మారిపోతాడు. మారినప్పుడల్లా పీఎఫ్ తీసేయడం ఇక్కడ ఆనవాయితీ. దానితోపాటు పెన్షన్ ఖాతాలో ఉన్నదీ ఊడ్చేస్తారు. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. పది కంపెనీల్లో పదేళ్లు చేసినా, డబ్బు తీయకుండా ఒకే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) కింద కలుపుకుంటూ పోతే ఆ పదేళ్లూ లెక్కలోకి వస్తాయి. తీసిన ప్రతిసారీ లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా 50,000 పైన తీస్తే పన్ను కోత కూడా ఉంటుంది. ఇరవై రెండేళ్లవాడికి యాభై ఎనిమిదేళ్ల పెన్షన్ గురించి చెప్పి ఒప్పించడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఎవరో ఒకరు చెప్పిన తర్వాత వాడు వద్దనుకోవడం వేరు, అసలు అలాంటిది ఉందని తెలియకపోవడం వేరు.

మొన్న ఒక అబ్బాయి వచ్చాడు. నారాయణఖేడ్ దగ్గర ఒక తండా. మౌల్డింగ్ మెషిన్ మీద పని. ముగ్గురు కాంట్రాక్టర్ల కింద మూడు కంపెనీలు మారాడు. యూఏఎన్‌లు రెండు. ఒకదాంట్లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉంది. రెండోదాంట్లో ఇంటిపేరు వెనక్కి పోయింది, పుట్టిన తేదీ జనవరి 1 అయి కూర్చుంది. మొదటి కంపెనీ మానేసిన తేదీ ఎవరూ ఎక్కించలేదు కాబట్టి రికార్డు ప్రకారం అతను ఇప్పటికీ అక్కడే డ్యూటీ చేస్తున్నాడు. పాస్‌బుక్ తెరిస్తే మధ్యలో నాలుగు నెలలు ఖాళీ. ఆ నెలల స్లిప్పులు ఉన్నాయా అని అడిగాను. "స్లిప్పెక్కడిదన్నా, కాగితం మీద సంతకం పెట్టించుకున్నరు, అకౌంట్ల పైసలేసిన్రు" అన్నాడు. ఆ నాలుగు నెలలూ జీతంలో కోత పడిందో లేదో బ్యాంకు స్టేట్‌మెంటు, హాజరు పుస్తకం పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేలదు. హాజరు పుస్తకం అతని దగ్గర ఉండదు కదా.

ఈ చిక్కుల్లో చాలావాటికి ఇప్పుడు దారి ఉంది. మానేసిన తేదీ కంపెనీ వేయకపోతే, చివరి జమ తర్వాత రెండు నెలలు ఆగి సభ్యుడే వేసుకోవచ్చు. 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో వచ్చిన యూఏఎన్ అయితే పేరూ పుట్టిన తేదీ కంపెనీ గడప తొక్కకుండా తానే సరిచేసుకోవచ్చు. 2025 జనవరి నుంచి ఈ వీలు వచ్చింది. రిజిస్టరైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ ఎంతో, మొత్తం ఎంతో మెసేజీ వస్తుంది. కంపెనీ ప్రతి నెలా 15వ తేదీలోపు కిందటి నెల పీఎఫ్ కట్టాలి కాబట్టి ఇరవయ్యో తారీఖున ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు, ఆ నెల ఎగ్గొట్టారా కట్టారా తెలిసిపోతుంది. వీటిలో దేనికీ ఫీజు లేదు. నేను మాత్రం తీసుకుంటాను, సెంటరు అద్దె కట్టాలి కదా. ఈ ఉత్తరం నా గిరాకీకి దెబ్బే. అయినా చెప్పాల్సింది చెప్పాలి.

ఇంకొక మాట కాంట్రాక్టర్ల గురించి. కంపెనీ వంతు పీఎఫ్ కూడా కార్మికుడి జీతంలోంచే కోసే పద్ధతి ఈ బెల్టులో అక్కడక్కడా ఉంది. 'ఇద్దరి వంతూ కలిపి మీ సీటీసీలోదే' అని చెప్పి నోరు మూయిస్తారు. యజమాని వంతును కార్మికుడి వేతనంలోంచి కోయడానికి పీఎఫ్ నిబంధనలు ఒప్పుకోవు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి, నెల జీతం తర్వాతి నెల 7లోపు వేయాలి, మానేసినా తీసేసినా రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. ఓటీకి రెట్టింపు కూలి అన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచి ఉన్నదే. ఇవి యూనియన్ మీటింగులో చెప్పే మాటలని మన అధికారులు కొంచెం జంకుతారు. నా దృష్టిలో ఇరవై ఏళ్లవాడికి ఇంతకన్నా అసలైన డబ్బు పాఠం లేదు. నెలకు వంద మిగిల్చే చిట్కాలు పది నేర్పేకన్నా, రావలసిన ఓటీ డబ్బు రెట్టింపు లెక్కన పడిందో లేదో చూసుకోవడం ఒకటి నేర్పితే వాడు బాగుపడతాడు.

ఈఎస్ఐ సంగతి ఇంకా అన్యాయం. నెలకు 21,000 లోపు జీతం ఉన్న ప్రతివాడికీ ఈ వైద్య బీమా హక్కు ఉంది. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, పెద్ద జబ్బయితే సనత్‌నగర్ ఉంది. అయినా జ్వరమొస్తే మా పిల్లలు ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని, ఆ పైసల కోసం అప్పు చేసి, మూడు రోజుల జీతం పోగొట్టుకుని మళ్లీ డ్యూటీ ఎక్కుతారు. ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే, కావలసినన్ని రోజుల చందా పడి ఉంటే, జబ్బు సెలవు రోజులకు వేతనంలో 70 శాతం వస్తుందని నేను చెబితే ఒకడు నవ్వాడు. 'సెలవు పెడితే పైసలిస్తరా అన్నా?' అని. నెలనెలా తన జీతంలోంచి కోత పడుతున్నది దానికేనని వాడికి తెలియదు.

2025 జూన్ 30 ఉదయం మన పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 46 మంది చనిపోయినట్టు తేలింది, 8 మంది ఆచూకీయే దొరకలేదు. మొత్తం 54 మంది. దేహాలు గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలు రోజుల తరబడి ఇక్కడ నిరీక్షించాయి. ఆ ప్రమాదానికి కారణం ఎవరన్నది ఈ ఉత్తరం విషయం కాదు. అది జరిగిన తర్వాత మా గదుల్లో ఉండే పిల్లల్లో ఒక ప్రశ్న మొదలైంది. నాకేమైనా అయితే మా అమ్మకు ఎవరు చెబుతారు, ఏమిస్తారు? మొదటిసారి వాళ్లంతట వాళ్లే నామినేషన్ గురించి అడిగారు.

పీఎఫ్ సభ్యుడు సర్వీసులో ఉండగా చనిపోతే, ఖాతాలోని డబ్బు కాక, బీమా కింద 7 లక్షల దాకా కుటుంబానికి వస్తుంది. దీనికి కార్మికుడు విడిగా పైసా కట్టడు. పనిలో ప్రమాదం జరిగి చనిపోతే ఈఎస్ఐ నుంచి ఆధారపడ్డవాళ్లకు వేతనంలో 90 శాతం లెక్కన నెలనెలా వస్తుంది. ఇవన్నీ ఎక్స్‌గ్రేషియాలకు, ప్రకటనలకు సంబంధం లేని హక్కులు. కానీ పాస్‌బుక్‌లో పేరు తప్పుంటే, నామినీ గడి ఖాళీగా ఉంటే, కొడుకు ఏ కాంట్రాక్టరు కింద ఉన్నాడో తల్లికి తెలియకపోతే, ఆ హక్కు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఫొటో, ఆధార్ ఉంటే నామినేషన్ ఎక్కించడం నిమిషాల పని. పెళ్లయితే మళ్లీ చేయాలి. ఆ మాటా చెప్పేవాళ్లు లేరు.

ఇక అప్పులు. చిట్కుల్‌లో అప్పుకు మూడు తలుపులు. గిరిగిరి, యాప్, ఫోన్ కిస్తీ.

గిరిగిరి అంటే మీకు తెలిసే ఉంటుంది. పదివేలని రాసుకుని ఎనిమిదిన్నర వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. 'పదిహేను వందలే కదా పోయింది' అనుకుంటాడు పిల్లవాడు. కానీ మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ వస్తోంది, వడ్డీ మాత్రం మొత్తం ముందే తీసుకున్నారు. లెక్క కడితే ఏడాదికి నూట ఇరవై శాతం పైనే. ఈ శాతం మాట పిల్లల చెవికెక్కదు. మన ఊళ్లలో వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటాం. రెండు రూపాయల వడ్డీ అంటే మామూలు, మూడు రూపాయలంటే ఎక్కువ, ఐదు రూపాయలంటే నాశనం అని పదో తరగతి ఫెయిలైనవాడికీ తెలుసు. గిరిగిరిని ఆ భాషలోకి మార్చి, 'తమ్మీ, ఇది పది రూపాయల వడ్డీ' అంటే కుర్చీలోంచి లేస్తాడు. వారం రోజుల యాప్‌లో అయిదు వేలని రాసి మూడున్నర వేలు వేస్తే అది నెలకు నూట ఎనభై రూపాయల వడ్డీ. నూట ఎనభై! క్రెడిట్ కార్డు మీద బాకీ ఉంచితే మూడున్నర రూపాయల పైన. బ్యాంకులో ఏడాదికి 12 శాతమంటే రూపాయి వడ్డీ. మీ బ్యాంకర్లు పుస్తకాల్లో వార్షిక శాతం రేటు అని రాసుకోవచ్చు, అభ్యంతరం లేదు. చిట్కుల్‌లో చెప్పేటప్పుడు రూపాయల్లో చెప్పమనండి.

యాప్‌ల సంగతి మన రాష్ట్రం ముందుగానే చూసింది. 2020 డిసెంబరులో అప్పు యాప్‌ల వేధింపులకు మన దగ్గర ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే రిజర్వు బ్యాంకు కమిటీ వేసింది, 2022 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. అప్పు ఇచ్చే బ్యాంకో, ఫైనాన్స్ కంపెనీయో నేరుగా మన ఖాతాలోనే డబ్బు వేయాలి. ఖర్చులన్నీ కలిపిన రేటు ఒక కాగితం మీద ముందే చూపించాలి. ఫోన్‌లోని నంబర్ల జాబితా చూడడానికి వీల్లేదు. ఏ యాప్ ఏ సంస్థదో చూసుకునే జాబితా 2025 జులై 1 నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. యాప్ మొదటిసారి తెరవగానే 'కాంటాక్ట్స్ చూడనివ్వండి' అని అడిగిందా, అక్కడే తీసిపారేయాలి. ఈ ఒక్క గుర్తు చాలు, మిగతా నిబంధనలు తర్వాత నేర్చుకోవచ్చు. అప్పు తీసుకున్నది ఎక్కువగా ఆన్‌లైన్ ఆటల కోసమే అన్నది మాత్రం మీరూ నేనూ దాచుకోనవసరం లేదు. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ ఆపేశారు, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా రాత్రి షిఫ్టు టీ బ్రేకులో ఫోన్లు చూస్తే ఏవేవో కొత్త పేర్లు కనబడుతూనే ఉన్నాయి.

ఫోన్ కిస్తీ పైకి అమాయకంగా ఉంటుంది. 'జీరో వడ్డీ' అని బోర్డు. వడ్డీ లేని అప్పు అంటూ ఉండదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజులో దాస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. మా పిల్లలకు నష్టం అక్కడ కన్నా ఇంకోచోట జరుగుతోంది. జీతం పడేది 7 నుంచి 10లోపు. కిస్తీ కోసేది 2 నుంచి 5లోపు. ప్రతి నెలా ఖాతాలో డబ్బు లేని రోజునే కిస్తీ వస్తుంది, తిరిగిపోతుంది. బ్యాంకు ఒక జరిమానా, ఫైనాన్స్ కంపెనీ ఒక జరిమానా. రెండూ కలిస్తే ఒక రోజు కూలి గోవిందా. సిబిల్ స్కోరు పడిపోవడం అదనం. తీసుకునేటప్పుడే 'కిస్తీ తేదీ పన్నెండు పెట్టు' అని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాదు. కౌంటరు మీది అబ్బాయి తనంతట తాను చెప్పడు.

ఆడపిల్లల విషయం వేరు. మందుల కంపెనీల ప్యాకింగులో పనిచేసే అమ్మాయిలు అప్పు యాప్‌ల జోలికి తక్కువే వెళ్తారు. వాళ్ల చిక్కు ఫోన్ నంబరు. బ్యాంకు ఖాతా తనది, దానికి ఇచ్చిన నంబరు అన్నదో భర్తదో. ఖాతా ఆమెది, ఓటీపీ ఆయనది. పీఎఫ్ నుంచి కొంత తీయాలన్నా ఫోన్ చేసి బతిమాలాలి. కొందరి పీఎఫ్ వాళ్లకు తెలియకుండానే తీసిన సందర్భాలూ చూశాను. సొంత సిమ్, ఆ నంబరే ఆధార్‌కూ బ్యాంకుకూ పీఎఫ్‌కూ ఉండడం అన్నది ఆడపిల్లకు మొదటి ఆస్తి అని నేను గట్టిగా చెబుతాను. ప్రసూతికి 26 వారాల వేతనం ఈఎస్ఐ ఇస్తుందని కూడా వాళ్లకు పెళ్లికి ముందే తెలియాలి. తెలియక ఎంతమంది పని మానేస్తున్నారో.

చిన్న సంగతులు రెండు. ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా బ్యాంకుల్లో ఉన్నాయి. మే నెలాఖరున ఖాతాలోంచి కోత పడుతుంది. ఆ వారం ఖాతాలో 456 రూపాయలు లేకపోవడం వల్ల ఎందరికో బీమా ఆగిపోతోంది. రెండోది, ఖాతా అద్దెకివ్వడం. 'నీ ఏటీఎం కార్డు, సిమ్ ఇయ్యి, కమీషన్ ఇస్తా' అని గదుల చుట్టూ తిరిగేవాళ్లు ఉన్నారు. సైబర్ మోసగాళ్ల డబ్బు ఆ ఖాతాలోకి వస్తుంది, పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారు దగ్గరికి. జైలు సంగతి చెప్పండి పిల్లలకు, మెత్తగా కాదు.

ఇప్పుడు రెండో విన్నపం.

పీఎఫ్ సంస్థ ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' పేరుతో శిబిరం పెడుతుంది. పటాన్‌చెరు పేరుతోనే పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది. లీడ్ బ్యాంకు ఉంది, ఆర్థిక అక్షరాస్యతా కేంద్రం ఉంది, కార్మిక శాఖ ఉంది, సైబర్ పోలీసులు ఉన్నారు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 ఉంది. మన జిల్లాకు లేనిదేమీ లేదు. అన్నీ పని దినాల్లో, పగలు, ఎవరి ఆఫీసులో వాళ్లు. పన్నెండు గంటల డ్యూటీ చేసేవాడు అక్కడికి రావాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. పేరులో ఒక అక్షరం సరిచేయించుకోవడానికి రోజు కూలి వదులుకునే మనిషి ఉంటే చూపించండి.

జిల్లా బ్యాంకర్ల కమిటీకి మీరే అధ్యక్షులు. శాఖలన్నీ మీ మాట వింటాయి. జీతాలు పడిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా, వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. వేదిక వద్దు, జ్యోతి ప్రజ్వలన వద్దు, బొకేలు అసలే వద్దు. అయిదు బల్లలు, అయిదు కంప్యూటర్లు, తెలుగుతోపాటు హిందీ, ఒడియా మాట్లాడేవాళ్లు ఇద్దరు ముగ్గురు. వచ్చిన ప్రతి పిల్లవాడి పాస్‌బుక్ తెరిచి చూపించాలి, నామినీ ఎక్కించాలి, ఈఎస్ఐ నంబరు ఒక కాగితం మీద రాసి చేతికివ్వాలి. జమ పడని నెలలుంటే అక్కడే ఫిర్యాదు తీసుకోవాలి. ఆ ఫిర్యాదులో పిల్లవాడి పేరు కంపెనీకి తెలియకుండా చూసే పూచీ కార్మిక శాఖ తీసుకోవాలి. లేకపోతే సోమవారం పొద్దున వాడికి గేటు దగ్గరే ఉద్వాసన. ఈ ఒక్క పూచీ లేకుండా మిగతాది ఎంత ఘనంగా చేసినా ఎవరూ నోరు విప్పరు.

ఐటీఐలు, పాలిటెక్నిక్‌ల సంగతి కూడా మీ చేతిలోదే. సిలబస్ మార్చనక్కర్లేదు, జీవో అక్కర్లేదు. ఆఖరి నెలలో రెండు గంటల క్లాసు ఒకటి. మూడు కాగితాలు చాలు: ఒక పే స్లిప్పు, ఒక పీఎఫ్ పాస్‌బుక్, ఒక అప్పు కాగితం. మన ఐటీఐ నుంచి బయటికొచ్చే ఫిట్టరుకు మైక్రోమీటరులో మిల్లీమీటరులో నూరో వంతు చదవడం వచ్చు. తన జీతంలో మూడు కోతలు చదవడం రాకుండా ఎలా పంపిస్తున్నాం?

ముందు ఒక్క నెల చేసి చూడండి. పిల్లలు రాకపోతే ఆపేయండి, మళ్లీ అడగను. తారీఖు మీరు ఖాయం చేయండి. కుర్చీలు, లైట్లు, నీళ్ల డబ్బాలు, గదుల్లో తిరిగి కబురు చెప్పడం మేం చూసుకుంటాం.

ఇట్లు,
చిట్కుల్ నుంచి ఒక ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకుడు